జిగురు పట్టని ప్లాస్టిక్కు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వూ ఒక పావుగంట మాట్లాడాలి, పిల్లలకు పనికొచ్చేదేదైనా చెప్పు" అన్నారు. మన బడిలో చదివి డాక్టర్లయినవాళ్ళున్నారు, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళున్నారు. నాది విశాఖపట్నం ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు. నాకు గట్టిగా తెలిసిన విషయం ఒకటే. జారిపోయే ప్లాస్టిక్కును ఇనుముకి పట్టించడం. అదే చెబుతాను. వినడానికి చిన్న విషయంలాగే ఉంటుంది గానీ, దీని మూలంగా ఒక కుర్రవాడి ప్రాణం పోబోయింది. ఆ తప్పు నాది.

పాఠం మొదలైంది మాత్రం ఈ బడిలోనే. మేం ఎనిమిదో తరగతిలో ఉండగా సైన్సు మాస్టారు ఒక వానాకాలం ఉదయం చేమాకు కోసుకొచ్చి, దాని మీద చెంబుతో నీళ్ళు పోశారు. ఆకు తడవలేదు. నీళ్ళు ముత్యాల్లా దొర్లి కింద పడ్డాయి. పక్కనే స్టీలు పళ్ళెం మీద పోశారు. నీళ్ళు పరుచుకున్నాయి. "తడపలేనిది అంటుకోలేదురా" అన్నారు మాస్టారు. నోట్సులో రాసుకున్నాం, పరీక్షలో రాశాం, మార్కులు వచ్చాయి. ఆ మాటకి అర్థం నాకు పద్దెనిమిదేళ్ళ తరవాతగాని తెలియలేదు.

1996 సంగతి. నేను షెడ్డు పెట్టి ఐదేళ్ళయింది. ఒక ఫ్యాక్టరీవాళ్ళు పిలిచారు. వాళ్ళకు తడి జిప్సం దింపే పెద్ద ఇనప తొట్టి ఉంది. పైన వెడల్పు, కింద సన్నం, గరాటులాగా. హాపర్ అంటాం. వానాకాలం వచ్చిందంటే జిప్సం బంకమట్టిలా ఆ గోడలకి పట్టేసి కిందికి దిగదు. కింద ఖాళీ అయిపోతుంది, పైన సరుకు కప్పులాగా నిలిచిపోతుంది. అప్పుడు కూలీలు బయటినుంచి సుత్తులతో బాదుతారు, పైనుంచి పొడుగాటి గడ్డపారలతో పొడుస్తారు. నిలిచిన సరుకు ఎప్పుడు కూలుతుందో ఎవరికీ తెలియదు. అలాంటిచోట పని చేయడం ఎంత ప్రమాదమో ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

దీనికి మందు, తొట్టి లోపలి గోడలకి జారుడు ప్లాస్టిక్కు షీట్లు వేయడం. పాలిథిన్‌లోనే చాలా గట్టి రకం ఒకటుంది. మామూలు పాలిథిన్ కంటే దీని అణువుల గొలుసులు ఎంతో పొడుగు. అణుభారం 30 లక్షల పైమాటే. తెల్లగా, పట్టుకుంటే మైనం పూసినట్టుగా ఉంటుంది. త్వరగా అరగదు. దాని మీద తడి సరుకు నిలవదు, జారిపోతుంది.

షీట్లు బోల్టులతో బిగించాలంటే గోడకి బెజ్జాలు వేయాలి. తొట్టిని రెండు మూడు రోజులు ఆపాలి. వాళ్ళు ఒక్క రోజే ఇస్తామన్నారు. నేను "జిగురుతో అంటించేస్తాను, ఒక్క రోజు చాలు" అన్నాను. వాళ్ళ ఇంజనీరు, "జిగురు ఆగుతుందా?" అని అడిగాడు. "మా షెడ్డులో పరీక్షించి చూశానండీ" అన్నాను. అబద్ధం కాదు. అరచేతంత ముక్కని ఇనప రేకుకి ఎపాక్సీతో అంటించి, మర్నాడు పక్కకి నెట్టి చూశాను. కదల్లేదు. నాకు అది చాలనిపించింది.

అంటించాం. పంతొమ్మిదో రోజు రాత్రి మా షెడ్డు పక్క టీ కొట్టుకి ఫోనొచ్చింది. ఒక షీటు మొత్తం ఊడి కిందికి జారి, తొట్టి మూతికి అడ్డం పడింది. సరుకు ఆగిపోయింది. నైటు షిఫ్టులో ఇరవై రెండేళ్ళ కుర్రవాడు పక్కనున్న చిన్న తలుపులోంచి లోపలికి దూరి, ఆ షీటుని గడ్డపారతో లాగబోయాడు. పైన నిలిచి ఉన్న జిప్సం ఒక్కసారిగా దిగింది. ఛాతీ దాకా కూరుకుపోయాడు. తోటివాళ్ళు చేతులతో తవ్వి బయటికి లాగారు. తొడ ఎముక విరిగింది. ప్రాణం దక్కింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. మంచం పక్కన వాళ్ళమ్మ కూర్చునుంది. "ఆ తెల్లరేకు అంటించింది మీరేనా బాబూ?" అని అడిగింది. అవునన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఇంకోపాలి గట్టిగా బిగించండి బాబూ. మా గుంటడు మళ్ళీ ఆ గోతిలోకే దిగాల" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఒక పని ఒప్పుకునే ముందు ఆ మాట చెవిలో పడుతుంది.

ఊడిన షీటుని షెడ్డుకి తెచ్చి వెనకవైపు చూశాను. కడిగిన కంచంలా ఉంది. జిగురు చుక్క లేదు. తొట్టి గోడ మీద చూస్తే జిగురంతా అక్కడే ఉంది, రాయిలా గట్టిపడి. అంటే జిగురు ఇనుముకి అంటుకుంది, ప్లాస్టిక్కుకి అసలు అంటుకోనేలేదు. మాస్టారి చేమాకు అప్పుడు గుర్తొచ్చింది.

జిగురు అంటే మంత్రం కాదు. ముందు అది ద్రవంలా పరుచుకుని ఎదుటి వస్తువు ఒంటికి పూర్తిగా ఆనుకోవాలి, ఆ తరవాత గట్టిపడాలి. ఆనుకోకపోతే గట్టిపడి ఏం లాభం? పరుచుకుంటుందా లేదా అన్నదానికి ఒక లెక్క ఉంది. ద్రవం తనను తాను బిగించుకునే బలాన్ని తలతన్యత అంటారని మనం చదువుకున్నాం. ఘన పదార్థాల ఉపరితలానికి కూడా అలాంటి కొలత ఉంది, ఉపరితల శక్తి. మీటరుకి ఇన్ని మిల్లీన్యూటన్లు అని కొలుస్తారు. నీటికి సుమారు 72. ఎపాక్సీ జిగురుకి 45 దరిదాపు. శుభ్రమైన లోహానికి వందల్లో ఉంటుంది. పాలిథిన్‌కి సుమారు 31. టెఫ్లాన్‌కి ఇంకా తక్కువ, 20 లోపే. ద్రవం అంకె కంటే ఘనం అంకె పెద్దదైతే ద్రవం హాయిగా పరుచుకుంటుంది. చిన్నదైతే ముడుచుకుని బొట్టుకట్టి కూర్చుంటుంది. 45 అంకె ఉన్న జిగురుని 31 అంకె ఉన్న పాలిథిన్ మీద పోసి, "అంటుకో" అన్నాను నేను.

ఎందుకలా అంటే, పాలిథిన్ అణువులో కార్బన్, హైడ్రోజన్ తప్ప మరొకటి లేదు. జిగురు చెయ్యి చాస్తే అందుకునే చెయ్యి అటువైపు లేదు. టెఫ్లాన్‌లో కార్బన్ గొలుసు చుట్టూ ఫ్లోరిన్ తొడుగులా కప్పేసి ఉంటుంది. గోడ మీద, కప్పు మీద తలకిందులుగా నడిచే బల్లి కూడా పొడి టెఫ్లాన్ మీద నిలవలేదని శాస్త్రవేత్తలు చూశారు. పిల్లలూ, మీరు బజార్లో కొనే జిగురు సీసా దేనితో చేస్తారో ఎప్పుడైనా చూశారా? చాలావాటికి పాలిథిన్ సీసాయే. లోపలి జిగురు సీసాకే అంటుకుపోతే మనకి పిండడానికేం మిగులుతుంది?

నా రెండో తప్పు కూడా చెప్పాలి. నేను పరీక్షించింది అరచేతంత ముక్కని, నీడలో, ఒక్క రోజు. తొట్టిలో షీటు రెండు మీటర్లు. విశాఖ ఎండకి ఇనుము ఎంత కాలుతుందో మీకు తెలుసు. రాత్రికీ పగటికీ, చలికాలానికీ ఎండాకాలానికీ 40 డిగ్రీల తేడా వచ్చిందనుకోండి. రెండు మీటర్ల ఇనుము ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అదే పొడుగు ప్లాస్టిక్కు 12 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా పెరుగుతుంది. ఒకడు అడుగు వేస్తే ఇంకొకడు పన్నెండడుగులు వేసే జంట అది. మధ్యలో ఉన్న జిగురు రోజూ సాగదీయబడుతూ ఉంటుంది. ఆ ముక్కలో ఆ తేడా వెంట్రుకవాసి కూడా లేదు కాబట్టి నాకు కనబడలేదు.

మూడో తప్పు, పక్కకి నెట్టి చూడడం. గోడ మీద పోస్టరుని ఊడదీసేటప్పుడు మనం పక్కకి నెడతామా? మూల పట్టుకుని లేపుతాం. జిగురుకి అసలు పరీక్ష అదే. షీటు అంచు ఎండకి వంగి కొద్దిగా లేచింది. ఆ సందులోకి జిప్సం దూరింది. దూరిన జిప్సం ఇంకాస్త లేపింది. పంతొమ్మిది రోజులు పట్టింది.

మరి ఇలాంటి ప్లాస్టిక్కుని లోహానికి ఎలా పట్టించాలి? నాకు తెలిసినంతలో దారులు మూడు.

మొదటిది, ప్లాస్టిక్కు ఒంటిని మార్చడం. మన ఊళ్ళోకి కళాయి పోసేవాడు వచ్చేవాడు గుర్తుందా? వేపచెట్టు కింద గుంట తవ్వి, తిత్తి బిగించి, మన ఇత్తడి గిన్నెలని ముందు ఇసకతో తోమేవాడు. నిప్పు మీద కాల్చి, నవసాగరం పొడి చల్లేవాడు. తెల్లటి పొగ లేచేది. అప్పుడు తగరం ముక్క రాసి దూదితో తుడిస్తే గిన్నె వెండిలా మెరిసేది. నవసాగరం వేయకుండా తగరం రాస్తే అది బొట్లు కట్టి దొర్లిపోయేది. అంటే పని సగం పైన వేసేదానిలో లేదు, కిందిదాన్ని సిద్ధం చేయడంలో ఉంది. కళాయివాడు బడికి పోలేదు గానీ, నేను 1996లో మరిచిపోయిన పాఠం అతనికి కంఠతా వచ్చు.

ప్లాస్టిక్కుకీ అలాంటి నవసాగరం ఉంది. టెఫ్లాన్‌ని సోడియం కలిపిన ఒక ద్రావణంలో ముంచితే, పైపొరలో ఫ్లోరిన్‌ని ఆ సోడియం లాగేసుకుంటుంది. తెల్లటి షీటు గోధుమరంగుకి తిరుగుతుంది. ఆ గోధుమరంగు వైపుకి ఎపాక్సీ చక్కగా పడుతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు. సోడియం నీటితో ఎలా ప్రవర్తిస్తుందో మన ల్యాబులోనే చూశాం. ఒక పక్క అలా చేసిన షీట్లే దొరుకుతాయి, అవి కొనుక్కోవాలి. కొన్నాక రెండు జాగ్రత్తలు. ఆ గోధుమరంగు పక్కని ఎండలో పెట్టకూడదు, పట్టు పోతుంది. రెండోది, ఆ పక్కనే జిగురు రాయాలి. నవ్వకండి, తెల్ల పక్క రాసి తెచ్చినవాళ్ళని నేను చూశాను.

పాలిథిన్‌కైతే మంట చాలు. గ్యాసు మంటని ఉపరితలం మీద చప్పున ఒకసారి తిప్పితే, కాలకుండానే పైపొరలోకి ఆక్సిజన్ చేరుతుంది. జిగురు పట్టుకోడానికి చేతులొస్తాయి. కరెంటు మెరుపులతోనూ అదే పని చేస్తారు, కరోనా ట్రీట్‌మెంట్ అంటారు. ఆ జబ్బుకీ దీనికీ సంబంధం లేదు. పాల ప్యాకెట్టు మీద రంగులు, అక్షరాలు చెరగకుండా నిలుస్తున్నాయంటే, అచ్చు వేసే ముందు ఆ ఫిల్ముకి ఈ పని చేయబట్టే. అయితే ఈ మార్పు శాశ్వతం కాదు, రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. మంట చూపించిన వెంటనే అంటించాలి. చాలామంది గరుకు కాగితంతో రుద్దితే చాలనుకుంటారు. రుద్దడం మంచిదే, మురికి పోతుంది, గాట్లు పడతాయి. కానీ రుద్దినంత మాత్రాన పాలిథిన్ పాలిథిన్ కాకుండా పోదు. జిగురు తడపలేని చోట గాట్లలోకీ సరిగ్గా దిగదు.

రెండో దారి, మధ్యవర్తిని పెట్టడం. అటువాళ్ళకీ ఇటువాళ్ళకీ చుట్టమైన పెళ్ళిళ్ళ పేరయ్య లేకపోతే కొన్ని సంబంధాలు కుదరవు కదా. భూమిలో పాతే గ్యాసు పైపుల్ని చూడండి. ఇనప పైపు తుప్పు పట్టకుండా పైన పాలిథిన్ తొడుగు వేస్తారు. ఒకదానికొకటి పడవు. అందుకని మూడు పొరలు వేస్తారు. శుభ్రం చేసి వేడెక్కించిన ఇనుము మీద ముందు ఎపాక్సీ పొడి చల్లుతారు, అది కరిగి ఇనుమును పట్టుకుంటుంది. అన్నిటికంటే పైన పాలిథిన్. మధ్యలో ఒక పలచటి పొర. అది పాలిథిన్ వంశమే, కానీ దాని గొలుసుకి అక్కడక్కడ ఎపాక్సీతో కలిసే కొక్కేలు తగిలించి ఉంటాయి. పై పొరతో కరిగి కలిసిపోతుంది, కింది పొరతో రసాయనికంగా పట్టుకుంటుంది. పొలాల కింద ఏళ్ళ తరబడి పైపుని కాపాడేది ఆ పేరయ్యే.

మూడో దారి నాకు అన్నిటికంటే ఇష్టం. అంటించాలన్న పట్టుదల మానేసి, పట్టుకునే చోటు ఇవ్వడం. దీనికి మన వంటింట్లోనే గొప్ప ఉదాహరణ ఉంది.

1938 ఏప్రిల్ 6న అమెరికాలో, డూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ అనే 27 ఏళ్ళ రసాయన శాస్త్రవేత్త ఒక గ్యాసు సిలిండరు తెరిచాడు. గ్యాసు రాలేదు. ఖాళీ అయిందేమో అని తూచి చూస్తే బరువు తగ్గలేదు. సిలిండరుని కోయించి చూస్తే లోపల తెల్లటి, మైనంలాంటి పొడి ఉంది. అదే తరవాత టెఫ్లాన్ అయింది. దేనికీ అంటుకోదు, ఆమ్లాలకు లొంగదు. అంతా బాగానే ఉంది. దేనికీ అంటుకోనిదాన్ని పెనానికి అంటించేదెలా? 1954లో ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ అనే ఇంజనీరు చేపలు పట్టే సరంజామా చిక్కుపడకుండా దీన్ని వాడుతున్నాడు. వాళ్ళావిడ "అదేదో నా పెనానికి పట్టించకూడదూ" అంది. ఆయన అల్యూమినియాన్ని ఆమ్లంతో కొరికించి, కంటికి కనబడనంత చిన్న గుంటలు చేశాడు. వాటి మీద టెఫ్లాన్ పొడిని పరిచి బాగా వేడి చేశాడు. టెఫ్లాన్ 327 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది గానీ నీళ్ళలా పారదు. ఆ గుంటల్లోకి దిగి, చల్లారాక అక్కడే ఇరుక్కుపోతుంది. చెట్టు వేళ్ళు రాతి సందుల్లోకి దిగినట్టు. అంటుకోలేదు, ఇరుక్కుంది. 1956లో ఆయన పెట్టిన కంపెనీ పేరు టెఫాల్. టెఫ్లాన్‌లోంచి కొంత, అల్యూమినియంలోంచి కొంత తీసి కట్టిన పేరు. ఇప్పటి పెనాలకి గరుకు చేసిన లోహం మీద ముందు ఒక మధ్యవర్తి పొర వేసి, దాని మీద టెఫ్లాన్ వేస్తున్నారు. రెండో దారీ మూడో దారీ కలిపారన్నమాట. మన ఆడపడుచులకీ, వంట చేసే మగవాళ్ళకీ ఒక మనవి. స్టీలు గరిటెతో గీకితే ఊడేది ఈ ఇరుకే. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద వదిలేయకండి. మరీ కాలితే వచ్చే పొగ ఆరోగ్యానికి మంచిది కాదు.

పెద్ద పెద్ద వంతెనల కిందా ఇదే సంగతి. ఎండకి వంతెన దూలం పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. అది జరగడానికి స్తంభానికీ దూలానికీ మధ్య బేరింగు పెడతారు. అందులో టెఫ్లాన్ బిళ్ళ మీద నునుపైన స్టెయిన్‌లెస్ స్టీలు పలక జారుతుంది. వందల టన్నుల బరువు కింద ఆ బిళ్ళ పక్కకి పోకుండా జిగురు మీద భారం వేయరు. ఇనప పలకలో పళ్ళెంలాగా పల్లం చేసి, అందులో బిళ్ళని కూర్చోబెడతారు. దాదాపు సగం మందం పల్లంలో, మిగతాది పైన. యంత్రాల్లో నూనె అక్కర్లేని బుష్షులు కొన్ని ఉన్నాయి. ఉక్కు రేకు మీద కంచు రవ్వలని వేడితో అతికించి, ఆ రవ్వల సందుల్లోకి టెఫ్లాన్‌ని నొక్కుతారు. అక్కడా ఇరుకే.

ఇంకొక ఉదాహరణ ఈ సభలోనే కూర్చుని ఉంది. మాస్టారి అనుమతి తీసుకునే చెబుతున్నాను. మా సైన్సు మాస్టారికి నాలుగేళ్ళ కిందట తుంటి కీలు మార్చారు. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే డాక్టరు 1950ల చివర్లో ఈ కీలు గిన్నెని మొదట టెఫ్లాన్‌తో చేశాడు. జారుడుగానే ఉంది గానీ, రెండు మూడేళ్ళలో అరిగిపోయింది. ఎందరికో మళ్ళీ ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది. ఆయన తన తప్పుని దాచలేదు. అరిగిన పొడి ఒంట్లో ఏం చేస్తుందో చూడ్డానికి ఆ పదార్థాన్ని తన తొడలోనే పెట్టించుకుని పరీక్షించాడు. 1962లో పాలిథిన్‌కి మారాడు. నేను తొట్టికి వేసిన తెల్ల షీటు వంశమే అది. దాన్ని ఎముకలో నిలపడానికి వాడిన సిమెంటు కూడా జిగురు కాదు. మేస్త్రీ రాళ్ళ సందుల్లో కూరే గచ్చులాంటిదేనని ఆయనే చెప్పాడు. ఇప్పుడు చాలావాటిలో టైటానియం గిన్నె లోపల పాలిథిన్ గిన్నె ఉంటుంది. రెంటినీ కలిపేది జిగురు కాదు. డబ్బా మూతలా గాడిలో పడి బిగుసుకునే అమరిక. మాస్టారు ఇందాక మెట్లెక్కి వేదిక మీదికి వచ్చింది ఆ గాడి మీద నమ్మకంతోనే.

మళ్ళీ నా తొట్టి దగ్గరికి వస్తాను. నా ఖర్చుతో ఆ షీట్లన్నీ ఊడదీశాం. మూడు రోజులు అడిగాను, ఇచ్చారు. గోడకి బెజ్జాలు వేసి, లోపలినుంచి బోల్టులు వేసి, బయట జంట నట్లు బిగించాం. బోల్టు తల షీటు లోపలికి మునిగేలా చేశాం, సరుకు దానికి తగలకూడదు. షీటుకి పైన మధ్యలో ఒక్క బెజ్జమే సరిగ్గా సరిపోయేలా వేశాం. మిగతావన్నీ కోడిగుడ్డు ఆకారంలో కొంచెం సాగతీసి వేశాం, షీటు పెరగడానికీ తగ్గడానికీ వీలుండాలని. షీటుకీ షీటుకీ మధ్య సందు వదిలాం. పెంకుటింటి పెంకుల్లా పై షీటు అంచు కింది షీటు మీదికి వచ్చేలా పేర్చాం, సరుకు అంచు కిందికి దూరకుండా. అన్నిటికంటే పై అంచుకి ఇనప పట్టీ కప్పాం. ప్లాస్టిక్కుని కదలనివ్వకుండా పట్టుకోవాలని నేను మొదట చూశాను. దాని స్వభావం కదలడం. కదలనిస్తూనే ఊడిపోకుండా పట్టుకోవడమే పని. నాకు దొరికిన పాఠమంతా ఈ ఒక్క వాక్యమే.

ఇంట్లో పనికొచ్చే మాటలు కొన్ని. విరిగిన ప్లాస్టిక్కు వస్తువు అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది. 2, 4 ఉంటే పాలిథిన్, 5 ఉంటే పాలీప్రొపిలీన్. ఈ మూడింటికీ మామూలు జిగురు మీద డబ్బు తగలేయకండి. అంకె లేకపోతే ఒక నీటిబొట్టు వేసి చూడండి. ముత్యంలా నిలిస్తే జిగురూ అలాగే నిలుస్తుంది. అవసరమైతే వీటికని ప్రత్యేకంగా ప్రైమరుతో కలిపి అమ్మే జిగురు కొనండి, చిన్న పనులకి బాగుంటుంది. బకెట్టు చీలితే వీధిలో కాల్చిన ఇనప కడ్డీతో కరిగించి అతికేవాడు వస్తాడే, అతని పద్ధతి శాస్త్రం ప్రకారం కూడా సరైనదే. ప్లాస్టిక్కుని ఇనుముకి పట్టించాలంటే స్క్రూ, వెడల్పాటి వాషరు, కాస్త వదులైన బెజ్జం, ఇవి మూడూ ఏ జిగురు కంటే నమ్మకమైనవి. అంటించక తప్పకపోతే నమూనా ముక్కని నెల రోజులు ఎండలో, వానలో వదిలి, అప్పుడు మూల పట్టుకుని లేపి చూడండి. 1996 తరవాత నేను ఆ పరీక్ష లేకుండా ఎవరికీ "ఆగుతుంది" అని మాటివ్వలేదు. దాని వల్ల కొన్ని పనులు పోయాయి. పోనివ్వండి.

ఆ కుర్రవాడికి కాలు అతికింది, కొంచెం కుంటుతాడు. మళ్ళీ ఆ ఫ్యాక్టరీకే వెళ్ళాడు. వాళ్ళమ్మ చెప్పినట్టే ఆ తొట్టి దగ్గరే పని. తరవాత ఫోర్‌మనయ్యాడు. సరుకు పైన ఉండగా లోపలికి ఎవరూ దిగకూడదని తన షిఫ్టులో గట్టిగా నియమం పెట్టాడు. ఏటా మే నెలాఖరున, వానలు పడకముందు, "ఒకసారి బోల్టులు చూసి పొండి బాబూ" అని నాకు ఫోన్ చేస్తాడు. ఎంత పనున్నా వెళ్తాను. ఈ ఏడూ వెళ్ళాను. షీట్లు ఒకసారి మార్చాం, బెజ్జాలు మాత్రం అవే.

చివరిగా, మన సైన్సు గదికి ఒక చెక్కపెట్టె తెచ్చాను. హెడ్మాస్టరుగారికి ఇందాకే ఇచ్చాను. అందులో ఇనప రేకులకి పట్టించిన ఐదు ప్లాస్టిక్కు ముక్కలున్నాయి. ఒకటి ఊరికే జిగురుతో, ఒకటి గరుకు చేసి, ఒకటి మంట చూపించి, ఒకటి గోధుమరంగు టెఫ్లాన్‌ది, ఒకటి బోల్టుతో. పిల్లలూ, ఒక్కొక్కదాన్ని మూల పట్టుకుని లేపి చూడండి. ఊడితే ఫరవాలేదు, ఊడాలనే ఇచ్చాను. ఏ పక్క జిగురు మిగిలిందో చూసి నోట్సులో రాయండి. పెట్టె అడుగున ఆరో ముక్క ఒకటుంది. అది ఆ తొట్టిలోంచి ఊడిన షీటు ముక్క. దాని వెనకవైపు ఇప్పటికీ శుభ్రంగానే ఉంది.

మాస్టారూ, మీరు చేమాకు మీద నీళ్ళు పోసిన రోజు నేను మూడో బెంచీలో కూర్చుని కిటికీ బయటికి చూస్తున్నాను. పాఠం ఆలస్యంగా వచ్చింది. కానీ వచ్చింది.